ముల్లు వింటోంది

ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూనే ఉంది, శబ్దం మాత్రం తిరగడం లేదు. ఆమె ఒళ్లో ఉన్న గిటారు తీగను ఇంకోసారి మీటి, కుడిచెవిని యాంప్ స్పీకరు వైపు ఒగ్గి, ఊపిరి బిగబట్టింది. స్వరం వచ్చింది, నిలబడింది, సన్నగిల్లింది, పోయింది. ఎక్కడ పుట్టిందో అక్కడే నిలబడి ప్రాణం విడిచింది. తిరగాలి కదా అది. బల్ల మీద అడుగు రేకు విప్పి వెల్లకిలా పడుకోబెట్టిన ఈ పెడల్ పెట్టెని ఫేజర్ అంటారు, గిటారు స్వరాన్ని పట్టుకుని సుడి తిప్పడం తప్ప దీనికి లోకంలో ఇంకో పని లేదు, లైటు ఎంత నెమ్మదిగా వెలిగి ఆరితే సుడి అంత నెమ్మదిగా తిరగాలి. లైటు ఆడుతోందంటే లోపల గుండె కొట్టుకుంటున్నట్టే. గుండె కొట్టుకుంటోంది, మనిషి లేవడం లేదు. సాయంత్రం తమ్ముడు వచ్చి దీన్ని తీసుకెళ్తాడు, కొత్త హాల్లో కొత్త జనం ముందు మొదటి పాటే దీని మీద నడుస్తుంది, మధ్యాహ్నం భోజనాల వేళ దూరి బల్ల మీద పెట్టేసి, ఏదో చిన్న తేడా ఉన్నట్టుందక్కా, ఓసారి చూడు, అని ముఖం చూడకుండా చెప్పి వెళ్లిపోయాడు. చిన్న తేడా. పెట్టెలో తేడా అయితే భయమెందుకు, వేడి చేసి పీకి కొత్తది పెడితే సరి, ఈ వెనకగదిలో ఆమె చేసేదే ఆ పని, ముందున్న వాద్యాల దుకాణానికి వచ్చే ప్రతి చెడిపోయిన యాంపూ పెడలూ చివరికి ఆమె బల్ల మీదికే చేరుతుంది. అరచేతుల్లో ఈ చెమట పెట్టె గురించి పట్టింది కాదు. గిటారు తరవాత పెట్టె, పెట్టె తరవాత యాంప్, యాంప్ తరవాత గాలి, గాలి తరవాత తన చెవి. తేడా ఆ వరసలో ఎక్కడ ఉంది? ఆ ఆలోచన రాగానే ఆమె గిటారుని గోడకి ఆనించి, అవసరం లేకపోయినా చేతులు రెండూ చీరకి తుడుచుకుంది.

వీధి మొదట్నించి రా, ప్రతి తలుపూ కొట్టు, అనేవాడు నాన్న. రేడియోలు బాగుచేసేవాడు, మూగబోయిన సెట్టు వస్తే తొందరపడి ఎక్కడా చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు, శబ్దం బయల్దేరిన చోటునించి ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి విను, ఏ గుమ్మం దగ్గర పలకలేదో దొంగ ఆ ఇంట్లోనే. సరే నాన్నా, కొడతా. ఆమె నాన్న వాడిన పాత పెట్టెనే ముందుకి లాక్కుంది, ఒకే స్వరాన్ని ఆగకుండా పుట్టించే పెట్టె, పిడి తిప్పితే కప్ప బెకబెక నుంచి దోమ రొద దాకా ఏ స్వరమైనా ఇస్తుంది. దాన్ని బొంగురు స్వరం మీద పెట్టి ఫేజర్ నోటికి కలిపింది. తీగ కొసన సూదిలాంటి ప్రోబ్, రెండో కొసన అరచేతంత స్పీకరు, సూది ఎక్కడ ఆనిస్తే అక్కడి శబ్దం స్పీకర్లోంచి వినిపిస్తుంది. మొదటి గుమ్మం. బూఁ అని పలికింది. ప్రాణం కాస్త కుదుటపడింది, వినపడుతోంది కదా, ఇంత బాగా వినపడుతోంటే ఏమిటీ పిచ్చి భయం. కిటికీ తెరిచే ఉంది. చువ్వ మీద ఒక పిచుక వచ్చి వాలింది, ఇటు చూసింది, అటు చూసింది, నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది, గొంతు దగ్గర బొచ్చు వణికింది. నోరు తెరిచి మూయడం మాత్రమే కనపడింది. ఆమె పిచుకనుంచి చూపు తిప్పేసుకుని సూదిని రెండో గుమ్మానికి ఆనించింది. ఆకలేసినప్పుడు కూడా పక్షులు నోరు తెరుస్తాయి. ఎండకి కూడా తెరుస్తాయి. పలికింది, రెండోదీ పలికింది.

ఎలా తిరుగుతుంది నాన్నా శబ్దం, అని చిన్నప్పుడు తను అడిగితే ఆయన తననీ తమ్ముణ్నీ గుమ్మంలో పక్కపక్కన నిలబెట్టాడు. నువ్వు తిన్నగా వీధి చివరికి నడువు, వాడు నాలుగు గుమ్మాలూ ఎక్కి దిగి వస్తాడు, ఇద్దరూ చివర కలిసి ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకోండి. తమ్ముడు రొప్పుకుంటూ ఆలస్యంగా వచ్చాడు, ఇద్దరి అడుగులూ కలవలేదు, ఒకళ్లు ముందుకి లాగితే ఒకళ్లు వెనక్కి లాగి ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అదే, అన్నాడు నాన్న, అడుగు కలిసినచోట శబ్దం రెట్టింపవుతుంది, కలవనిచోట మాయమవుతుంది, ఆ మాయమయ్యే చోటు కదులుతూ ఉంటే నీకు తిరిగినట్టు ఉంటుంది. ఇద్దరూ ఉండాలి, ఒక్కళ్లు నడిస్తే అది వీధిలో నడకే, ఆట కాదు. ఈ పెట్టెలో ఆ నాలుగు గుమ్మాలూ తనే కట్టింది, తమ్ముడి కోరిక మీద వాటిలో చిన్న కెపాసిటర్లు వేసింది, సుడి కింది స్వరాల్లో బురదలా తిరగొద్దక్కా, బాగా పైన, సన్నగా, అద్దం మీద గాలి ఊదినట్టు ఉండాలి, అన్నాడు. బాగా పైన. సన్నగా. సూది మూడో గుమ్మం దగ్గర జారింది, మళ్లీ పెట్టింది, పలికింది. బాగా పైన ఉన్నవి ఈమధ్య ఎక్కడికి పోతున్నాయి? కెటిల్ ఈల వేయడం మానేసింది, ఈల మూత అరిగిపోయి ఉంటుందనుకుంది, దుకాణం ఓనరు లోపలికి తొంగిచూసి, ఏమ్మా, అది అంతలా మొత్తుకుంటోంటే నీకు జాలి లేదా, అని నవ్వాడు, తనూ నవ్వింది. నవ్వింది, కానీ ఎప్పుడు? ఆయన నవ్వాక. ఆయన నవ్వు ముఖం చూశాక, ఇదేదో నవ్వాల్సిన మాటే అని తెలిశాక. ఆ ఆలస్యపు నవ్వు ఆమెకి బాగా తెలుసు, చిన్నప్పుడు రోజూ చూసిన నవ్వు అది.

నాన్న అందరికంటే అరక్షణం ఆలస్యంగా నవ్వేవాడు. పంక్తిలో ఎవరైనా హాస్యమాడితే అందరి ముఖాలూ ఒక్కసారి చుట్టి చూసి, అప్పుడు అందరికంటే గట్టిగా నవ్వేవాడు, పెద్దమనిషి తాపీ అనుకునేవాళ్లు. మాట్లాడేవాళ్ల పెదాలకేసి అంత శ్రద్ధగా చూస్తోంటే, వినేవాడంటే ఇలా ఉండాలి అని మెచ్చుకునేవాళ్లు. ఇక ఆయన వేళ్ల సంగతి ఊరంతా చెప్పుకున్నారు, స్పీకరు కాగితం మీద నాలుగు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుని, ఇందులో రెండో ట్యూబు దగ్గుతోంది, అనేవాడు, విప్పి చూస్తే నిజంగా అదే. వినక్కర్లేదయ్యా ఆయనకి, ముట్టుకుంటే చాలు, అని జనం ముక్కున వేలేసుకునేవాళ్లు. చెవి ఉన్నవాడికి మీటరెందుకురా, అని ఆయన కుర్ర మెకానిక్కుల మీద జోకులేసేవాడు, ఆ మాట ఇంట్లో శాసనమైపోయింది, ఆమె ఈరోజుకీ శబ్దం సరిచేసే ట్రిమ్మర్ మరలు చెవితోనే బిగిస్తుంది, మీటరు చూసి శబ్దం సరిచేయడమంటే ఆమెకి ఎంగిలి కూడు తిన్నట్టు ఉంటుంది. ఒక్క అమ్మ మాత్రం మెచ్చుకునేది కాదు. అమ్మ ఆయన పనిగదిలోకి అడుగు పెట్టేముందు లైటు ఓసారి ఆర్పి వెలిగించేది, పట్టపగలైనా సరే, పిల్లలిద్దరూ అమ్మకి కోపమొచ్చిందనుకునేవాళ్లు, కరెంటు బిల్లు మీద విసుగనుకునేవాళ్లు. లైటు ఆరి వెలగ్గానే నాన్న తలెత్తి ద్వారం వైపు తిరిగి, నీ అడుగుల చప్పుడు నాకు తెలియదుటే, అనేవాడు. అమ్మ, అవునవును, మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది, అనేది. ఆ మాటలో ఎగతాళి ఉందో జాలి ఉందో అప్పుడు పోల్చుకోలేదు. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే పోయాడు. ఆ ఆలస్యపు నవ్వుల అర్థం ఆమెకి చాలా ఏళ్ల తరవాత తట్టింది, తట్టాక కూడా తమ్ముడితో అనలేదు, అంటే అది ఇంట్లోకి వచ్చేస్తుందేమో అన్నట్టు, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందేమో అన్నట్టు. ఇలాంటివి రక్తంలో దిగుతాయంటారు. ముక్కు దిగింది, మొండితనం దిగింది, చేతివాటం దిగింది, అదొక్కటే దిగకుండా వదిలేస్తుందా?

నాలుగో గుమ్మమూ పలికింది. ఆలస్యంగా వచ్చే తోవ అంతా బాగానే ఉంది, ఇక మిగిలింది తిన్నగా వచ్చే తోవ, రెండూ చెయ్యి కలిపే చోటు. అక్కడ గోధుమరంగు రెసిస్టర్ ఒకటి ఉంది, తిన్నగా వచ్చిన శబ్దం దాని ఒంటి మీదుగా వెళ్లి రెండోదాన్ని కలవాలి. దాని ఇవతలి కాలికి సూది ఆనించింది, పలికింది. అవతల ఆనించింది. నిశ్శబ్దం. మళ్లీ ఇవతల, బూఁ. అవతల, నిశ్శబ్దం. దొరికావురా దొంగా, అని పైకే అనేసింది, టేబుల్ లైటు మెడ వంచి దగ్గరికి లాగింది, భూతద్దం పెట్టింది. చూస్తే కాలు రంధ్రంలో నిలబడి ఉంది అంతే. చుట్టూ రాగి రేకు తళతళలాడుతోంది. అతికే సోల్డర్ లేదు. అరే. ఇంత తేలికా. పగిలిన అతుకు కాదు, ఊడిన అతుకు కాదు, అసలు అతకనేలేదు, మిగతావన్నీ అతికి దీన్ని మర్చిపోయి మూత బిగించేసింది, కొత్తగా పని నేర్చుకునేవాళ్లు చేసే తప్పు, రేపు తమ్ముడు దీని మీద నెల రోజులు ఏడిపిస్తాడు, ఏడిపించనీ, ఎంత ఏడిపిస్తే అంత మంచిది. నవ్వు తన్నుకొచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, పెట్టెలోనే ఉంది దొంగ, చెవిలో లేడు, పెట్టెలోనే ఉన్నాడు. సోల్డరింగ్ ఐరన్ అందుకుంది, కొసని తడి స్పాంజి మీద రుద్దింది, పొగ లేచింది. ఐరన్ కొస రెసిస్టర్ కాలిని తాకబోతూ గాలిలోనే ఆగిపోయింది.

అతకనేలేదు. అంటే మొదట్నించీ లేదు. అంటే ఈ పెట్టె పుట్టింది మొదలు ఒక్కసారి కూడా తిరగలేదు. మరి ఆ రోజు తను విన్నదేమిటి? మూత బిగించిన రోజు, ఇదే గదిలో, తమ్ముడూ వాడి డ్రమ్ములవాడూ గోడకి ఆనుకుని నిలబడి ఉంటే, తను గిటారు మీటి, ఎర్ర లైటు వైపు చూస్తూ చెయ్యి గాలిలో గుండ్రంగా తిప్పుతూ, విన్నావురా, ఎంత నున్నగా తిరుగుతోందో, ఇంత మంచి సుడి నేనెప్పుడూ కట్టలేదు, అంది. చెవులారా విన్నానని ఒట్టు పెట్టి చెప్పగలదు. ఆ సుడి ఇంకా గుర్తుంది, పైకి లేచి పల్చబడి కిందికి జారడం గుర్తుంది. లేని సుడి. లైటు ఆడుతోంటే కళ్లు చెవులకి చెప్పాయి, చెవులు మనసుకి చెప్పాయి, ఉండాల్సినదాన్ని ఉన్నట్టు తనకు తనే పాడుకుంది. అయితే ఇంకేమేమి అలా పాడుకుంటోంది? నిన్న ఫోన్లో విన్న మాటల్లో ఎన్ని విన్నవి, ఎన్ని తను అల్లుకున్నవి? పోయిన నెలలో సరిచేసి ఇచ్చిన యాంపులు, బాగుంది తీసుకెళ్లండి అని చెప్పిన పెడళ్లు, వాటిలో ఎన్ని నిజంగా బాగున్నాయి? ఐరన్ కొస ఇంకా పొగలు కక్కుతోంది. ఆ రోజు డ్రమ్ములవాడు తమ్ముడి ముఖం చూశాడు. ఇప్పుడు గుర్తొస్తోంది, స్పష్టంగా, వాడు నోరు తెరవబోయాడు, తమ్ముడు వాడి మోచెయ్యి పట్టుకున్నాడు, పట్టుకుని, అవునక్కా, బ్రహ్మాండంగా ఉంది, అన్నాడు. ఆ తరవాతనించే తమ్ముడు ఈ గదికి వచ్చినప్పుడల్లా ముందు... ఆమె ఆ ఆలోచనని సగంలోనే తుంచేసింది. ముందు అతకాలి. అతికి చూద్దాం. మోచెయ్యి బల్లకి నొక్కిపెట్టి, కాలికీ రేకుకీ కలిపి వేడి పెట్టి, సోల్డర్ తాకించింది, వెండి చుక్క జారి కాలి చుట్టూ మెరిసింది. ఇంత చక్కటి అతుకు ఈ చేతులు వేస్తాయి, చేతులకేం కాలేదు.

మీటింది. స్వరం వచ్చింది, నిలబడింది, సన్నగిల్లింది, పోయింది. ట్రిమ్మర్ సరిచేయాలి కదా, మర్చిపోయావా, ప్రతి ఫేజర్‌కీ ఆ చిన్న మర చుట్టులో ఒక్కచోటే ప్రాణం ఉంటుంది, గోరంత అటూ ఇటూ అయితే పలకదు. సన్న స్క్రూడ్రైవర్ పెట్టి ఈ చివర్నించి ఆ చివరికి వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ మీటింది, మీటుతూ తిప్పింది. ఎక్కడా లేదు. ఆ చివర్నించి వెనక్కి నడిమధ్య దాకా వచ్చింది. లేదు. ఎవర్నయినా పిలవొచ్చు, దుకాణంలో కౌంటరు దగ్గరి పిల్లని ఒక్క నిమిషం పిలిచి, ఇది తిరుగుతోందా చూడమ్మా, అంటే చాలు. తిరగడం లేదంటే బతికిపోయినట్టు. తిరుగుతోందంటే? ఆ పిల్ల సాయంత్రానికి ఓనరుతో అంటుంది, ఓనరు నవ్వుతూ ఇంకెవరితోనో అంటాడు. చెయ్యి దానంతటదే బల్ల కింది సొరుగు లాగింది. అడుగున, తోలు సంచిలో, నాన్న మీటరు. ముల్లు ఉండే పాతకాలపు మీటరు, ఆయన పోయాక ఈ సొరుగులోకి తెచ్చి పడేసింది, వాడింది లేదు, పారేయనూ లేదు. సంచి బయటికి తీసేసరికి వేళ్ల కింద తోలు మెత్తగా తగిలింది. వెలుతురులో పెట్టి చూసింది. అంచులు అరిగి నూలు బయటపడింది, గుండీ పెట్టే చోట తోలు చిరిగితే దారంతో కుట్టిన కుట్టు, అమ్మ చేతికుట్టే అది, మూత బొటనవేలు ఆనేచోట నున్నగా నల్లగా గుంట పడి ఉంది. చెవి ఉన్నవాడికి మీటరెందుకన్న మనిషి సంచీ ఇది. రోజూ, పూటపూటకీ, ఎవరూ చూడకుండా తీసి పెట్టి తీసి పెట్టి అరగదీసిన సంచీ. తలుపు గడియ వేసుకుని ముందు ముల్లుతో దొంగని పట్టుకునేవాడు, తరవాత జనం ముందుకి వచ్చి వేళ్లు ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఎంత భయపడి ఉంటావు నాన్నా. అన్నేళ్లు, అంతమంది మధ్య, ఎంత ఒంటరిగా భయపడి ఉంటావు.

మీటరు క్లిప్పులు యాంప్ స్పీకరు తీగలకి తగిలించింది. నాన్న పెట్టె పిడి మీద చెయ్యి వేసి స్వరాన్ని బొంగురునించి పైకి తీసుకెళ్లసాగింది, సుడి ఉండాల్సిన చోటికి, తమ్ముడు కోరిన ఆ సన్నటి ఎత్తుకి. స్వరం ఎక్కింది, ఇంకా ఎక్కింది, సన్నబడింది, దారంలా అయింది, తెగిపోయింది. గది నిశ్శబ్దమైపోయింది. వైరు ఊడిందేమో, చూసింది, ఊడలేదు. యాంప్ ఆగిందేమో, దాని లైటు వెలుగుతోంది. వాల్యూమ్ పెంచింది. ఏమీ లేదు. ఇంకా పెంచింది. స్పీకరు కాగితం మీద నాన్నలాగా నాలుగు వేళ్లు ఆనించింది, కాగితం నిద్రపోతున్నట్టు ఉంది, ఇంత సన్నటి స్వరం వేళ్లకీ అందదు కాబోలు. అప్పుడు మీటరు వైపు చూసింది. ముల్లు లేస్తోంది. నెమ్మదిగా సగం దాకా లేచి, ఆగి, నెమ్మదిగా కిందికి పడింది. ఎర్ర లైటు వెలిగింది, ముల్లు లేచింది. లైటు ఆరింది, ముల్లు పడింది. స్క్రూడ్రైవర్ అందుకుని ట్రిమ్మర్ని ఒక్క గోరంత తిప్పితే ముల్లు ఇంకాస్త పైకి లేచి, ఇంకాస్త కిందికి పడింది, నున్నగా, గుండ్రంగా, ఇంత మంచి సుడి ఆమె ఎప్పుడూ కట్టలేదు. చప్పుడు లేని గదిలో ముల్లు ఒక్కటే వింటోంది. బల్ల అంచు పట్టుకుని ముల్లునే చూస్తూ నిలబడిపోయింది. కాళ్ల కింద నేల దడదడలాడింది, తన కాళ్లే వణుకుతున్నాయనుకుంది, కాదు, ఎవరో మెట్లు దిగి వస్తున్నారు. తలుపు తోసుకుని పై అంతస్తు దర్జీ ముసలాయన వచ్చి నిలబడ్డాడు, మెడలో టేపు, ఒక చెవిలో వేలు, రెండో చేతిలో సగం కుట్టిన చొక్కా చెయ్యి.

"అమ్మాయ్, ఆ ఈల కాస్త ఆపు తల్లీ. ఇంతసేపట్నించి పైనించి నేల గుద్దుతున్నా, ఉలుకూ లేదు పలుకూ లేదు. కోట్లో ఉన్న పురుగులు కూడా లేచి పోతున్నాయి."

ఆయన ముఖం చూసి, ఇది నవ్వాల్సిన మాటేనని తెలిశాక ఆమె నవ్వింది. ఏదో టెస్టింగు బాబాయ్ గారూ, ఆపేస్తున్నాను, మీకు ఇబ్బందయింది, అంది, ఎంత తేలిగ్గా వచ్చాయో ఆ మాటలు, నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు, ఎవరో ఎప్పుడో అక్కడ పెట్టి వెళ్లినట్టు. ఆయన వెళ్లాక పిడి తిప్పి స్వరాన్ని చంపింది, చంపడం కూడా ముల్లు పడిపోవడం చూసే తెలుసుకుంది. అబద్ధం ఎంత బాగా చెప్పిందో తలుచుకుంది. ఇంతేనా, ఇంత సులువా? ముల్లు ఉంది. ముల్లు ఉంటే ఎవరికీ తెలియక్కర్లేదు. ట్రిమ్మర్ని ముల్లుతో బిగించి మూత పెట్టేయొచ్చు, తమ్ముడు వస్తే, చిన్న అతుకు మిగిలిపోయిందిరా, ఇప్పుడు చూడు, అని చేతిలో పెట్టొచ్చు, వాడు మీటుతోంటే వాడి ముఖం చూసి, వాడి కళ్లు మెరిసినచోట తనూ తల ఊపొచ్చు. ఏళ్ల తరబడి నడుస్తుంది ఇలా. నాన్నకి నడిచింది. గడియ వేసుకోవాలి, తోలు సంచి దగ్గరుంచుకోవాలి, పెదాలు చూడటం నేర్చుకోవాలి, నవ్వుకి అరక్షణం ఆగాలి. పిచుకలు నోరు తెరిచి మూస్తూ ఉంటాయి. ఒక్కొక్కటే వెళ్లిపోతాయి, పైనున్నవి ముందు, తరవాత ఇంకాస్త కిందివి, తరవాత మాటలు, తరవాత తమ్ముడి గిటారు, ఒక్కో గుమ్మమూ మూసుకుంటూ వస్తుంది, చివరికి ఈ గదిలో తనూ ఒక ఊగే ముల్లూ. ఆమె సంచిని గట్టిగా పట్టుకుంది. నాన్న బొటనవేలు చేసిన గుంటలో తన బొటనవేలు అచ్చంగా సరిపోయింది.

గదిలో లైటు ఆరింది, వెలిగింది.

ముందు ఫేజర్ లైటే అనుకుంది. కాదు, తల మీది లైటు. మళ్లీ ఒకసారి ఆరి వెలిగింది. తల తిప్పకముందే అమ్మ అనుకుంది, ఒక్క క్షణం నిజంగానే అమ్మ అనుకుంది, పసుపుపచ్చ కొంగు, విసుగు మొహం. కాదు, తమ్ముడు, ఆ రోజునించే వాడు ఈ గదికి వచ్చినప్పుడల్లా ముందు స్విచ్చి నొక్కుతున్నాడు. ఏంట్రా ఆ పిల్లచేష్టలు అంటే, కరెంటుందో లేదో చూస్తున్నానక్కా, అని నవ్వేవాడు. ఇప్పుడు స్విచ్చి మీద వేలు ఉంచుకునే ద్వారంలో నిలబడి ఉన్నాడు, భుజాన గిటారు సంచి, చూపు తన చేతిలోని తోలు సంచి మీద, అక్కడినుంచి మీటరు మీద. వాడి ముఖంలో నవ్వు లేదు. వాడికీ భయంగానే ఉందని ఆమెకి అప్పుడు కనిపించింది.

"ఆ రోజు ఇది తిరగలేదు కదూ?" అంది.

తమ్ముడు గిటారు సంచి దించి కింద పెట్టాడు. లోపలికి వచ్చి, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడ్డాడు.

"లేదక్కా."

"మరి అవునన్నావేం?"

"నువ్వంత సంబరంగా అడిగితే ఏమనమంటావ్?" తోలు సంచికేసి చూశాడు. "అమ్మ ఆయనతో అలాగే అనేది కదా."

అంటే వాడికీ తెలుసు. నాన్న సంగతి వాడికీ ఎప్పుడో తెలుసు, వాడూ పైకి అనలేదు, ఒకే ఇంట్లో ఒకే మాటని ఇద్దరూ చెరో జేబులో పెట్టుకుని ఇన్నేళ్లు తిరిగారు. స్విచ్చి నొక్కడం నీకెవరు నేర్పారురా, అంటే ఎవరూ నేర్పలేదన్నాడు, వెనకనించి వచ్చి పిలిస్తే నువ్వు ఉలిక్కిపడుతున్నావు, ఓసారి ఐరన్ చేతి మీద పడేసుకోబోయావు, అన్నాడు. ఆ సంగతి ఆమెకి గుర్తే లేదు. బయట వీధిలో వ్యానొకటి వచ్చి ఆగింది, డ్రమ్ములవాడు కాబోలు, తమ్ముడు అటు చూడటాన్ని బట్టి ఈల వేస్తున్నాడు కాబోలు. వేళ దాటిపోతోంది. ఆమె వంగి మీటరు క్లిప్పులు రెండూ ఊడబీకింది. నాన్న పెట్టె ఆపేసి, ఫేజర్‌కి గిటారు వైరు తగిలించి, ముల్లు చెప్పిన చోటునించి ట్రిమ్మర్ని కావాలనే వెనక్కి, చాలా వెనక్కి తిప్పేసింది. గోడకి ఆనించిన గిటారు తీసి వాడికిచ్చింది.

"నువ్వు విను. నేను తిప్పుతాను."

వాడు కూర్చున్నాడు, మీటాడు. ఆమె సన్న స్క్రూడ్రైవర్ని మరలో పెట్టి ముల్లుని చూడకుండా, లైటుని చూడకుండా, వాడి ముఖాన్ని చూస్తూ తిప్పసాగింది. స్వరం వచ్చింది, నిలబడింది, సన్నగిల్లింది, పోయింది, ఆమెకి అంతే. ఇంకొంచెం, అన్నాడు. వెంట్రుకవాసి. ఇంకొంచెం. ఎక్కువైంది, వెనక్కి. వాడి కనుబొమలు దగ్గరికొచ్చాయి, నోరు సగం తెరుచుకుంది. "ఆగు," అన్నాడు, ఆమె చెయ్యి ఆగిపోయింది. వాడు కళ్లు మూసుకుని తీగ మీద తీగ మీటుతూనే ఉన్నాడు, తల నెమ్మదిగా ఒక పక్కకి వాలింది, ఎవరో ఎక్కడో పైన దేన్నో తిప్పుతుంటే దానివెంట పోతున్నట్టు.

"తిరుగుతోందా?"

"తిరుగుతోందక్కా."

"నిజం చెప్పు."

"నిజమే."

ఆ రోజు కూడా వాడు ఇదే గొంతుతో అవునన్నాడు, ఇదే ముఖంతో. నమ్మడానికి ఇప్పుడు ఆమె దగ్గర వాడి ముఖం తప్ప ఇంకేమీ లేదు. మీటరు చేతికందే దూరంలోనే ఉంది, ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంది, క్లిప్పులు మళ్లీ తగిలిస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది. ఆమె క్లిప్పులకేసి చూసింది, తమ్ముడికేసి చూసింది. మీటరుని తోలు సంచిలో పెట్టి సొరుగు మూసింది. తరవాత పెట్టె అడుగు రేకు తీసుకుని, మొదటి మర బిగించడం మొదలుపెట్టింది.